మొహం కాని ఆనవాళ్ళు: ముఖాంధత్వంతో మనుషుల్ని పోల్చుకోవడం ఎలా

తిరుమల కల్యాణకట్ట దగ్గర, స్నానాలు ముగించుకొని జనం బయటికొచ్చే దారిలో కాసేపు నిలబడితే ఒక సంగతి తెలుస్తుంది. లోపలికి పోయేటప్పుడు ఉంగరాల జుట్టు, నూనె పెట్టి దువ్విన పాపిడి, గుబురు మీసం, నడుం దాటిన జడ అని ఎవరికి వాళ్ళు వేరుగా కనబడినవాళ్ళు, తిరిగి వచ్చేసరికి అందరూ ఒకే వాలకంలో ఉంటారు. నున్నటి గుండు, దానిమీద గంధం, పంచె. అయినా బయట కాచుకున్న పిల్లలు "నాయనా!" అని అరుచుకుంటూ పోయి సరైన మనిషి కాళ్ళనే చుట్టేస్తారు. జుట్టు పోయినా, మీసం పోయినా మొహం మిగిలింది కదా.

అదే గుంపులో ఒక పిల్ల మాత్రం కదలదు. వచ్చే ప్రతి మొహాన్నీ చూస్తుంది. కళ్ళు, ముక్కు, నోరు అన్నీ స్పష్టంగానే కనబడుతుంటాయి. వాటిలో ఏది నాన్నదో తెలియదు. "ఏం పాపా, ఈడే నిలబడిపోతివి?" అని గొంతు వినబడగానే పరుగున పోయి చెయ్యి పట్టుకుంటుంది. ఆ పిల్లకు చూపు బాగుంది, తెలివి బాగుంది, జ్ఞాపకం బాగుంది. మొహాన్ని మనిషితో ముడిపెట్టే పని ఒక్కటే మెదడులో సరిగ్గా జరగడం లేదు. వైద్యులు దీన్ని ప్రోసోపాగ్నోసియా అంటారు, వాడుకలో ఫేస్ బ్లైండ్‌నెస్, తెలుగులో ముఖాంధత్వం. అంధత్వం అన్న మాట కొంత దారి తప్పిస్తుంది. కనబడకపోవడం కాదిది, కనబడినదాన్ని పోల్చుకోలేకపోవడం.

మన ఊళ్ళలో దీనికి వాడే మాటలు వేరు. "వాడికి కళ్ళు నెత్తికెక్కినాయి." "నాలుగు డబ్బులొచ్చినాక మొహం చాటేస్తా ఉండాడు." కట్టుదిట్టమైన కొలత పెడితే సుమారు నూటికి ఒకరికి, కొంచెం సడలిస్తే ఇద్దరు ముగ్గురికి ఈ ఇబ్బంది ఉంటుందని పరిశోధనలు చెబుతున్నాయి. 2006లో జర్మనీలో విద్యార్థుల మీద జరిగిన ఒక సర్వేలో అది దాదాపు రెండున్నర శాతం తేలింది. అంటే ఐదువందల మంది భోంచేసిన పెళ్ళిలో ఐదుగురైనా ఉంటారన్నమాట. వాళ్ళలో చాలామందికి తమకున్నది ఒక పేరున్న స్థితి అనే తెలియదు. అందరూ తమలాగే చీర చూసి, నడక చూసి, గొంతు విని పోల్చుకుంటున్నారని, తామే కాస్త మందమని అనుకుంటూ బతుకుతారు. ఆ అపోహ తొలగడమే సగం ఊరట.

పేరు మరిచిపోవడం వేరు

ముఖాంధత్వం గురించి చెప్పగానే ఎదుటివాళ్ళు ఠక్కున అనే మాట "నాకూ పేర్లు గుర్తుండవులే" అని. రెండిటికీ సంబంధం లేదు. మొహం చూసి మనిషిని తెలుసుకోవడం ఒక్క అంగలో జరిగే పని కాదు. ముందు అది మొహమని గ్రహించాలి, దాని ఆకృతిని మెదడు ఒక లెక్కగా కట్టుకోవాలి, ఆ లెక్క లోపల దాచినవాటిలో దేనితోనైనా సరిపోతుందేమో చూడాలి, సరిపోతే ఆ మనిషి వివరాలు రావాలి, అన్నిటికన్నా చివర పేరు రావాలి. విక్కీ బ్రూస్, ఆండ్రూ యంగ్ 1986లో ప్రతిపాదించిన నమూనా స్థూలంగా ఇదే. "ఈయన పలమనేరులో మా పక్కింట్లో ఉండేవాడు, ఎరువుల అంగడి, పేరే నోట్లో ఆడుతోంది" అనేవాళ్ళకు చివరి మెట్టు దగ్గర తట్టుకుంటోంది. ముఖాంధత్వం ఉన్నవాళ్ళకు మధ్యలోనే, సరిపోల్చే చోటనే తెగిపోతోంది. ఎదురుగా ఉన్నది ఇరవైయ్యేళ్ళ స్నేహితుడైనా కొత్తమనిషే. అతను నోరు తెరిచి రెండు ముక్కలు మాట్లాడితే పేరుతో సహా అంతా ఒక్కసారిగా వచ్చేస్తుంది. పేరు రాకపోవడం కాదు, మనిషే రాకపోవడం.

కోపమో నవ్వో, ఆడో మగో, ముసలో పడుచో చాలామంది చెప్పగలరు. మొహం బాగుందో లేదో కూడా చెప్పగలరు. ఎవరిదో చెప్పలేరు, అంతే.

మొహాల విషయంలో మెదడుకు ప్రత్యేకమైన ఏర్పాటు ఎందుకంటే, ప్రతి మొహానికీ ఉన్నవి అవే రెండు కళ్ళు, ఒక ముక్కు, ఒక నోరు. తేడాలన్నీ మిల్లీమీటర్లలో. విడివిడిగా కొలిస్తే తేలవు. అందుకే మెదడు మొహాన్ని ముక్కలుగా కాక మొత్తంగా ఒక్క చూపులో చదువుతుంది. ఫొటోను తలకిందులు చేస్తే బాగా తెలిసిన మొహం కూడా తికమక పెట్టడం అందుకే. మిగతా వస్తువులకన్నా మొహాలకే ఆ దెబ్బ ఎక్కువ తగులుతుందని రాబర్ట్ యిన్ 1969లో చూపించాడు. ముఖాంధత్వం ఉన్న చాలామందికి ఈ మొత్తంగా చదవడం సరిగ్గా సాగదు. కళ్ళు చూస్తారు, ముక్కు చూస్తారు, తరవాత పెదవులు. కళ్ళు మూసి అన్నిటినీ కలిపి ఊహించుకోబోతే చెదిరిపోతుంది.

మెదడు అడుగుభాగంలో, ఎక్కువగా కుడివైపు, మొహాలు చూసినప్పుడు చురుకయ్యే ఒక చోటు ఉంది. 1997లో నాన్సీ కాన్విషర్ బృందం దానికి ఫ్యూజిఫామ్ ఫేస్ ఏరియా అని పేరు పెట్టింది. అది ఒంటరిగా పనిచేయదు, మరికొన్ని భాగాలతో వల అల్లుకొని ఉంటుంది. దెబ్బ తగిలి వచ్చిన ముఖాంధత్వంలో ఈ వల ఎక్కడ తెగిందో స్కానింగులో తరచూ కనబడుతుంది. పుట్టుకతో ఉన్నవాళ్ళలో మామూలు ఎమ్మారై దాదాపు ఎప్పుడూ బాగానే ఉంటుంది. "స్కానింగులో ఏమీ లేదన్నారు, కాబట్టి నీది వట్టి సాకు" అనే బంధువులకు ఇదే జవాబు.

ఇక్కడ ఒక ముచ్చట చెప్పకుండా ఉండలేము. పక్షవాతం వచ్చాక మనుషుల మొహాలు పోల్చుకోలేకపోయిన ఒకాయన ఆ తరవాత గొర్రెలు మేపడం మొదలుపెట్టి, తన మందలోని గొర్రెల మొహాలు గుర్తుపట్టడం నేర్చుకున్నాడని 1993లో మెక్‌నీల్, వారింగ్టన్ అనే పరిశోధకులు రాశారు. మన పడమటి మండలాల్లో మంద కాసేవాళ్ళకు గొర్రెల్ని మొహం చూసి చెప్పడం వింత కాదు. మనుషులు పోయి గొర్రెలు మిగలడమే వింత. మొహానికీ మొహానికీ మెదడులో అంత ఎడం ఉంది.

ఇంకొకటి 1984 నాటిది. రస్సెల్ బాయర్ అనే ఆయన ముఖాంధత్వం ఉన్న ఒక రోగికి తెలిసినవాళ్ళ ఫొటోలు చూపిస్తూ పేర్లు చదివాడు. రోగి ఎవర్నీ గుర్తుపట్టలేదు. కానీ సరైన పేరు వచ్చినప్పుడు అతని చర్మం మీద చెమట స్పందన మారింది. మనసుకు తెలియనిది ఒంటికి తెలుసు. అందరిలోనూ ఇలా జరగదు. కానీ "నన్ను మరిచిపోయాడు" అని బాధపడే తల్లికో భార్యకో ఈ సంగతి తెలియాలి.

పుట్టుకతోనా, హఠాత్తుగానా

ఈ ఒక్క ప్రశ్న దగ్గర పొరపడితే ప్రాణం మీదికి వస్తుంది. పుట్టుకతో ఉండే ముఖాంధత్వం నెమ్మదిగా బయటపడుతుంది, కుటుంబాల్లో నడుస్తుంది. తల్లికో మేనమామకో కూడా ఉందేమో అడిగితే తరచూ "అవును, మా అవ్వ కూడా అంతే" అన్న జవాబు వస్తుంది. ఏ జన్యువన్నది ఇంకా తేలలేదు. ఇది పెరగదు, మతిమరుపుగా మారదు.

నిన్నటిదాకా బాగా గుర్తుపట్టిన మనిషి ఈ ఉదయం కూతుర్ని పోల్చుకోలేకపోతే అది వేరు. మెదడు వెనక భాగానికి రక్తం తీసుకుపోయే నాళం మూసుకుపోయినా, తలకు దెబ్బ తగిలినా, మెదడువాపు వచ్చినా ఇలా అవుతుంది. 1947లో ఈ స్థితికి పేరు పెట్టిన జర్మన్ వైద్యుడు యోవాఖిమ్ బోడామర్ చూసిన రోగులు కూడా తలకు గాయాలైనవాళ్ళే. హఠాత్తుగా వచ్చినదానితోపాటు ఎడమవైపు చూపు తగ్గడం, రంగులు వెలిసినట్టు కనబడటం, తెలిసిన వీధిలోనే దారి తప్పడం కూడా ఉండవచ్చు. మూతి వంకర లేదు, చెయ్యి పడిపోలేదు కాబట్టి పక్షవాతం కాదని ఇంట్లో కూర్చోకూడదు. గడ్డకట్టిన రక్తాన్ని కరిగించే మందుకు లక్షణం మొదలైనప్పటినుంచి ఉన్న గడువు నాలుగున్నర గంటలు. అందులో స్కానింగుకు పట్టే సమయం కూడా పోతుంది. 108కి ఫోన్ చేసి, మనిషి చివరిసారి మామూలుగా ఉన్న సమయం కాగితం మీద రాసుకొని, నాడీవైద్య విభాగమూ సీటీ స్కానింగూ ఉన్న ఆసుపత్రికే పోవాలి. తిరుపతిలో స్విమ్స్‌లో ఆ విభాగం ఉంది. చిత్తూరు వైపువాళ్ళకు వేలూరు దగ్గర.

ఉందో లేదో తేల్చుకోవడం

పరిశోధకులు ఎక్కువగా వాడేది కేంబ్రిడ్జ్ ఫేస్ మెమరీ టెస్ట్. బ్రాడ్ డుషేన్, కెన్ నకయామా 2006లో తయారుచేశారు. ఆరు మొహాలు నేర్పించి, 72 ప్రశ్నల్లో ఇతర మొహాల మధ్య వాటిని పట్టుకోమంటారు. మామూలువాళ్ళకు సగటున 58 దాకా వస్తాయి. 42, అంతకన్నా తక్కువ వస్తే అనుమానించాలి. ఆ పరీక్షలో మొహాలకు జుట్టు ఉండదు, కత్తిరించేసి ఉంటుంది. చెవులూ బట్టలూ కనబడవు. ఒక రకంగా అది కల్యాణకట్ట పరీక్షే. జుట్టు ఊతం తీసేసి ఒట్టి మొహంతో ఎంత పోల్చగలవో చూస్తుంది.

మనకో చిక్కుంది. ఆ మొహాలు తెల్లవాళ్ళవి. మనం చిన్నప్పటినుంచి చూడని జాతి మొహాలు ఎవరికైనా ఒకేలా అనిపిస్తాయి, మార్కులు తగ్గుతాయి. ఇంటర్నెట్‌లో అది రాసి మార్కులు కొంచెం తగ్గాయని బెంగపడనక్కర్లేదు. ఇరవై వాక్యాల ప్రశ్నావళి ఒకటి, పీఐ20 అని, 2015లో వచ్చింది. నిత్యజీవితంలో ఎదురయ్యే ఇబ్బందుల్ని అడుగుతుంది కాబట్టి మనకూ పనికొస్తుంది. 20 నుంచి 100 దాకా మార్కులు, 65 దాటితే లోతుగా చూడాలి.

ఇంట్లోనే ఒక అంచనా వేసుకోవచ్చు. ఇంకొకరు తయారుచేయాలి. బాగా తెలిసిన ఇరవైమంది ఫొటోలు, అదే వయసు, అదే చాయ ఉన్న పదిమంది అపరిచితుల ఫొటోలు తీసుకోవాలి. ఫోన్‌లో కనుబొమల పైనుంచి గడ్డం దాకా కోడిగుడ్డు ఆకారంలో కత్తిరించి, చెవులు, జుట్టు, బొట్టు, కళ్ళజోడు, ముక్కుపుడక లేకుండా చూసి, నలుపు తెలుపులోకి మార్చాలి. కలిపేసి ఒక్కొక్కటి మూడు సెకన్లు చూపించి "తెలుసా, ఎవరు?" అని అడగాలి. గోడకు వేలాడే ఫొటోలు, వాట్సాప్‌లో రోజూ కనబడేవి వాడకూడదు. అవి మొహంగా కాక బొమ్మగా గుర్తుండిపోతాయి, ఫలితం తప్పుతుంది. అదే ఫొటోలతో, ఆ ఇరవైమందీ తెలిసిన అన్ననో అక్కనో కూడా అడగాలి. వాళ్ళకు పద్దెనిమిది వచ్చి మీకు ఏడు వస్తే, ఆ కాగితం పట్టుకొని నాడీవైద్యుడి దగ్గరికో క్లినికల్ సైకాలజిస్టు దగ్గరికో పోవచ్చు. ముందు కంటి పరీక్ష తప్పనిసరి. పిల్లలైతే ఆటిజం కూడా ఉందేమో చూడాలి, రెండూ కలిసి ఉండే వీలుంది.

మందు లేదు. జ్ఞాపకశక్తికని అమ్మే లేహ్యాలు, మాత్రలు దీనికి పనిచేయవు, ఎందుకంటే జ్ఞాపకశక్తిలో లోపం లేదు. కంటికీ కనుబొమకూ, ముక్కుకూ నోటికీ మధ్య ఎడాలను ఒక్క చూపులో పట్టుకునేలా కంప్యూటర్ మీద చేయించే సాధనలు కొందరిలో కొంత మెరుగు చూపాయి, కానీ స్థితిని తిరగరాయలేదు. కాబట్టి అసలు పని ఆనవాళ్ళతోనే.

దమయంతి చేసిన పని

స్వయంవరంలో దమయంతి ముందు ఐదుగురు నలులు కూర్చున్నారు. నలుగురు దేవతలు, ఒకడు మనిషి, మొహాలన్నీ ఒకటే. ఆమె మొహాలు వదిలేసింది. ఎవరికి చెమట పట్టింది, ఎవరి దండ వాడింది, ఎవరి రెప్ప పడింది, ఎవరి నీడ నేలమీద ఉంది, ఎవరి పాదాలు నేలను తాకాయి అని చూసింది. ముఖాంధత్వం ఉన్నవాళ్ళు రోజూ చేసేది ఇదే. ఆమె ఎన్నుకున్నవి నలుడు మార్చుకోలేని ఆనవాళ్ళు, ఒక్కటి కాదు ఐదు. పద్ధతంతా అందులోనే ఉంది.

ఆనవాళ్ళను అవి ఎంతకాలం నిలుస్తాయన్న లెక్కలో వేరుచేసుకోవాలి. చీర రంగు, చొక్కా, సంచి గంటల సరుకు. ఈరోజు ఈ హాల్లో మనిషిని వెతకడానికి బాగా పనికొస్తాయి, రేపటికి దండగ. జుట్టు, మీసం, గడ్డం, కళ్ళజోడు ఫ్రేము నెలల సరుకు. అందరూ వీటిమీదే ఎక్కువ ఆనుకుంటారు, దెబ్బతినేదీ ఇక్కడే. మంగలి దగ్గరికి పోయివచ్చిన అరగంటలో సహోద్యోగి మాయమవుతాడు. తిరుపతిలోనైతే మరీ, సంవత్సరంలో ఎప్పుడైనా ఎవరైనా గుండుతో రావచ్చు. తిరునామం కూడా ఇక్కడ ఆనవాలు కాదు, వీధిలో సగంమందికి ఉంటుంది.

ఏళ్ళతరబడి నిలిచేవే పెట్టుబడి. నడక, భుజాల వాలు, ఎత్తు, చెవి తమ్మె ఆకారం, పళ్ళ మధ్య సందు, నవ్వే తీరు, చేతివేళ్ళు, పుట్టుమచ్చ, గాటు. పెద్దవయసు ఆడవాళ్ళ ముంజేతి మీద పచ్చబొట్టు చాలా నమ్మకమైనది. అది మారదు, రెండు చేతులమీద ఒకేలా ఉండదు, చెయ్యి పట్టుకొని పలకరించే సాకుతో దగ్గరగా చూడొచ్చు. చెవి కూడా మంచిదే. పెద్దయ్యాక ఏళ్ళు గడిచినా దాని మడతల ఆకారం పెద్దగా మారదు, గుండు చేయించుకుంటే మరింత బాగా కనబడుతుంది. నడక దూరంనుంచే అందుతుంది, కానీ కొత్త చెప్పులు, మోకాలినొప్పి, చంకలో బిడ్డ, నెత్తిన మూట ఉంటే మారిపోతుంది. ఎదురుగా వచ్చేటప్పటికన్నా పక్కనుంచి చూస్తే తేడా బాగా తెలుస్తుంది.

అన్నిటికన్నా గట్టిది గొంతు. కొందరికి గొంతులు కూడా కష్టమే, కానీ ఎక్కువమందికి ఇదే ఊతకర్ర. చిక్కల్లా ఎదుటివాళ్ళను మాట్లాడించడంలో ఉంది. "బాగుండారా?" అంటే "ఊఁ" అని తలాడిస్తారు, అందులో ఏమీ దొరకదు. "ఎప్పుడు బయల్దేరినారు? దోవలో వాన పడిందా?" అంటే రెండు వాక్యాలైనా వస్తాయి, గొంతుతోపాటు ఊరి జాడ కూడా తెలుస్తుంది. డోలు, నాదస్వరం మోగుతున్న మండపంలో ఇది సాగదు, భోజనాల వైపో వాకిట్లోకో జరగాలి. జలుబు చేసిన గొంతును నమ్మొద్దు. అన్నదమ్ముల గొంతులు, తల్లీకూతుళ్ళ గొంతులు ఒకేలా ఉంటాయి, వయసు లెక్క కలుపుకోవాలి.

ఏ ఒక్క ఆనవాలూ చాలదు. ఏళ్ళ సరుకులో రెండు, సందర్భం ఒకటి కలిస్తేనే పేరు పెట్టి పిలవండి. రెండే దొరికితే నవ్వి ఆగండి, ఒకటే దొరికితే మాట్లాడించండి. చొరవ ఎక్కువైతే కొత్తవాళ్ళ భుజం తడతారు, జంకు ఎక్కువైతే సొంత మేనత్తను దాటిపోతారు. రెండో తప్పు మనసును ఎక్కువ నొప్పిస్తుంది, అందుకే చుట్టాల మధ్య కాస్త చొరవవైపే మొగ్గమంటాం. డబ్బు, పిల్లలు, తాళాల విషయంలో మాత్రం పూర్తిగా జంకువైపే.

మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతర వచ్చినప్పుడు ఈ కష్టం ఊరందరికీ కొంచెం రుచి తెలుస్తుంది. ఒకరోజు సుద్ద, ఒకరోజు కుంకుమ, ఒకరోజు బొగ్గు, ఒకరోజు గంధం పూసుకొని, రోజుకో వేషం కట్టి తిరిగే జనంలో పక్కింటి కుర్రాడెవరో చటుక్కున తెలియదు. అప్పుడు అందరూ నడక చూస్తారు, అరుపు వింటారు, పక్కనున్న జట్టును బట్టి లెక్కేస్తారు.

ఫోన్‌లో చిట్టా

ఫోన్‌లో నంబరు కింద పేరొక్కటే కాక ఆనవాళ్ళు కూడా రాసుకోవాలి. "ఆడిటర్, బైరాగిపట్టెడ. బొంగురు గొంతు. ఎడమ చెవి పక్క మచ్చ. కుడికాలు కాస్త ఈడుస్తాడు. కలిసింది: మేడమీద ఆఫీసులో." కలిసిన పది నిమిషాల్లోపు రాస్తేనే ఉపయోగం, ఇంటికి పోయాక రాస్తే చొక్కా రంగు తప్ప ఏమీ గుర్తుండదు. ఎదురుగా దిగిన మొహం ఫొటోకన్నా, వాళ్ళ అనుమతితో తీసుకున్న పది సెకన్ల నడక వీడియోనో పంపిన వాయిస్ మెసేజో మేలు. వాట్సాప్ డీపీలు మన దగ్గర ఎట్లాగూ పనికిరావు, సగం వేంకటేశ్వరస్వామివే. ఏదైనా కార్యానికి పోయేముందు అక్కడ తప్పకుండా ఎదురయ్యే ఐదుగురి చిట్టా చదువుకోండి. యాభైమందిది చదివితే ఐదుగురిది కూడా నిలవదు. ఎవరైనా గుండు చేయించుకున్నా, మీసం తీసేసినా ఆ రోజే మార్చి రాయాలి.

పెళ్ళిళ్ళు, పిలుపులు, వరసలు

"నేనెవరో చెప్పు చూద్దాం!" శుభకార్యాల్లో ఇంతకన్నా భయపెట్టే మాట ఇంకొకటి ఉండదు. పెద్దామె ఒకరు రెండు చేతులూ పట్టుకొని, నవ్వుతూ, పదిమంది వింటుండగా అడుగుతుంది. ప్రేమతోనే అడుగుతుంది. అవతలిమనిషికి ఆ చేతులు తెలుసు, ఆమె వండిన ఉలవచారు తెలుసు, మొహం మాత్రం తెలియదు. ఈ ఆట మానేయండని ప్రతి ఇంటికీ చెప్పాలని ఉంది. దాని బదులు "నేను పుత్తూరు పెద్దమ్మను" అంటే అయిపోతుంది. వరస, ఊరు రెండూ ఒక్క ఊపిరిలో.

మన భాషలో ఒక వెసులుబాటుంది. పేరు లేకుండానే అన్నా, అక్కా, అమ్మా, సార్ అని పలకరించి అరగంట మాట్లాడొచ్చు. అదే భాషలో ఒక గొయ్యి కూడా ఉంది. చుట్టరికపు వరసలు చాలా పక్కాగా ఉంటాయి. పిన్నిని అత్తా అన్నా, చిన్నాయన్ను మామా అన్నా చిన్న తప్పు కాదు, తండ్రివైపు తల్లివైపు తారుమారైపోతాయి. తేలేదాకా "రాండి, కూర్చోండి" లాంటి మాటలతో నెట్టుకురావడం మంచిది.

మండపానికి తొందరగా పోవడం మేలు. నిండిన హాల్లో వందమందిలో వెతకడం కన్నా, గుమ్మం దగ్గర కూర్చుంటే వచ్చేవాళ్ళు ఒక్కొక్కరుగా, నడుచుకుంటూ, పలకరించుకుంటూ వస్తారు. నడక, గొంతు రెండూ దొరుకుతాయి. పక్కన చెల్లెలో భార్యో ఉంటే ముందే ఒప్పందం చేసుకోవాలి. మనిషి పదడుగుల దూరంలో ఉండగానే వరస, పేరు, మారిన సంగతి, ఈ మూడూ మెల్లగా చెప్పాలి. "వచ్చేది కుప్పం చిన్నాయన, మీసం తీసేసినాడు." దగ్గరికి వచ్చాక చెవిలో గుసగుసలాడితే అవతలివాళ్ళు వేరేగా అనుకుంటారు.

చెప్పుకోవడానికి పెద్ద ఉపన్యాసం అక్కర్లేదు. "నాకు మొహాలు గుర్తుండవు, పుట్టుకతోనే అంత. గొంతు వింటే తెలిసిపోతుంది. ఎక్కడ కనబడినా మీరే పేరు చెప్పి పలకరించండి." మూడు వాక్యాలు చాలు. మూడోది ముఖ్యం. అది లేకపోతే విన్నవాళ్ళు జాలిపడి ఊరుకుంటారు, ఏం చేయాలో తెలియదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలోని 21 రకాల జాబితాలో ముఖాంధత్వం పేరుతో లేదు, కాబట్టి సర్టిఫికెట్ మీద ఆశ పెట్టుకోకుండా ఆఫీసులో, బడిలో నోటితో చెప్పి ఏర్పాట్లు అడగడమే దారి. టీచర్లయితే మొదటి నెల పిల్లల్ని స్థిరమైన చోట్లలో కూర్చోబెట్టి, కూర్చునే పటం గీసుకొని, హాజరు పిలిచినప్పుడు గొంతు వచ్చిన చోటును దానితో సరిచూసుకుంటే సగం పని తీరుతుంది. యూనిఫాం బట్టల ఆనవాలు తీసేస్తుంది, చోటే దిక్కు.

అంగడి నడిపేవాళ్ళకు అరువు ఖాతా ప్రమాదం. "ఏందన్నా, నన్నే గుర్తుపట్టలేదా?" అన్న మాటకు మొహమాటపడి సరుకిస్తే పోయినట్టే. అందరినీ ఫోన్ నంబరు చివరి నాలుగు అంకెలు అడిగే అలవాటు పెట్టుకోవాలి. అందరినీ అడిగితే ఎవరూ నొచ్చుకోరు.

పిల్లలు

బడి గేటు దగ్గర అమ్మ పిలిచేదాకా రాకపోవడం, అదే రంగు చీర కట్టిన ఇంకొకామె వెంట పోవడం, సినిమాలో హీరో వేషం మారగానే "ఈయనెవరు?" అని అడగడం, స్నేహితురాలు జడ కత్తిరించుకుంటే కొత్త పిల్ల అనుకోవడం, ఇవన్నీ కలిసి పదే పదే కనబడితే పట్టించుకోవాలి. ఒక్కటే ఎప్పుడో జరిగితే కాదు. ఇలాంటి పిల్లల్ని సిగ్గరి అనో మొండి అనో అంటారు. తెలియని మనుషుల మధ్య రోజంతా గడుపుతున్న బిడ్డ అంటిపెట్టుకోక ఏం చేస్తుంది?

తీసుకుపోయే మనిషి రోజూ ఒకే స్తంభం దగ్గర నిలబడాలి, ముందు పేరు పెట్టి పిలవాలి. ఇంట్లోవాళ్ళకు మాత్రమే తెలిసిన రహస్యపు మాట ఒకటి ఉండాలి. అది చెప్పనివాళ్ళు "నేను మీ మామను" అన్నా వెంట పోకూడదు. ఈ పిల్లలకు ఆ మాట అందరికన్నా ఎక్కువ అవసరం. తల్లి ఫోన్ నంబరు కంఠతా రావాలి. క్లాస్ టీచరుకు చెప్పి, జట్లు కట్టేటప్పుడు పేర్లు పిలిచి కలపమనాలి.

కొండకు పోయే రోజు

తిరుమలలో ఆనవాళ్ళన్నీ వరసగా జారిపోతాయి. జుట్టు కల్యాణకట్టలో పోతుంది. సంప్రదాయ దుస్తుల నియమంతో మగవాళ్ళు చాలామంది పంచెల్లోకి వస్తారు. ఫోన్ గుడిలోకి పోనివ్వరు, డిపాజిట్ చేయాలి, కాబట్టి "ఎక్కడున్నావు" అని అడిగే దారీ మూతబడుతుంది. రద్దీలో గొంతు వినబడదు. అందుకే ఇంట్లో బయల్దేరేముందే ఏర్పాట్లు కావాలి.

గుండు చేయించుకునేవాళ్ళ కుడి మణికట్టుకు అందరికీ ఒకే రంగు వెడల్పాటి గుడ్డపేలిక కట్టండి. తెలుపు, పసుపు, ఎరుపు వద్దు, అక్కడ అవే ఎక్కువ. ముదురు నీలమో ఆకుపచ్చో మేలు. కళ్ళజోడున్నవాళ్ళు స్నానం కాగానే పెట్టేసుకోవాలి. పిల్లలుంటే తలనీలాలు తీస్తున్నంతసేపూ కనబడే చోట ఉంచండి. జుట్టు కొంచెం కొంచెంగా పోవడం చూసిన బిడ్డకు ఆ గుండు నాన్నదేనని తెలుసు, తరవాత కనబడే గుండుతో భయపడదు. పెద్దవాళ్ళలో అందరూ ఒకేసారి లోపలికి పోకుండా ఒకరు జుట్టుతోనే బయట ఉండాలి, మిగతావాళ్ళు వాళ్ళ దగ్గరికి రావాలి. వెతకాల్సింది ముఖాంధత్వం ఉన్న మనిషి కాదు, మిగతావాళ్ళు. ఆ మనిషి ఒకచోట కదలకుండా ఉంటే చాలు.

క్యూలో ఆ మనిషి ముందూ వెనకా ఇంటివాళ్ళే ఉండాలి. కంపార్ట్‌మెంట్ తలుపు తెరిచినప్పుడు జనం తోసుకుపోయే అర నిమిషంలోనే విడిపోతారు, ఆ సమయంలో చెయ్యో ఉత్తరీయం కొంగో పట్టుకోవాలి. విడిపోతే ఎక్కడ కలవాలో ముందే ఒక చోటు అనుకోండి. "గుడి ముందర" అంటే కాదు, ఒకే ఒక్కటి ఉండే బోర్డో స్తంభమో కావాలి. కాగితం మీద రాసి జేబులో పెట్టుకోండి, వెనక ఇద్దరి ఫోన్ నంబర్లు. అరగంట దాటినా ఎవరూ రాకపోతే మైకులో పేరు పిలిపించాలి, ఆ చోటు కూడా చెప్పించాలి.

కిందికి దిగాక ఫోన్ చిట్టాలో ఆ రోజే మార్పులు రాయండి. జుట్టు నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. మూడు నాలుగు నెలలపాటు నాన్న నున్నటి గుండు నుంచి గరుకు తలకు, అక్కడినుంచి పొట్టి క్రాపుకు మారుతూ ఉంటాడు. మీసం అంతకన్నా ముందే తిరిగొస్తుంది. అన్నాళ్ళూ ఇంట్లోకి వచ్చేటప్పుడు గుమ్మంలోనే ఒక మాట అంటూ రమ్మని ఆయనతో చెప్పండి.